పంటికి ఆనించని ముత్యం

నేను ముత్యాలకు రంధ్రాలు వేసే పనివాణ్ణి. హైదరాబాద్ పాతబస్తీలో మా నాన్న కూర్చున్న పీట మీదే ఇప్పుడు నేను కూర్చుంటాను. కొత్త ముత్యాలన్నిటికీ మిషన్లే చిల్లు వేస్తున్నాయి కాబట్టి నా దగ్గరికి వచ్చేవి మిషన్‌కు ఇవ్వడానికి భయపడే పాత ముత్యాలు మాత్రమే. మా బజారులో వాటిని బస్రా ముత్యాలంటారు. గల్ఫ్ సముద్రంలో దొరికి, బొంబాయి మీదుగా నిజాం నగరానికి చేరినవి. అరవైకి దగ్గర పడ్డాను గానీ ఆ సముద్రాన్ని ఏనాడూ చూడలేదు. 2023 నవంబర్ చివర్లో చూశాను. ఒకే ఒక్క ముత్యం కోసం వెళ్లాను.

పిలిచినవాడు ఖాదర్ బాషా. కడపవాడు. దుబాయ్ అవతల రాస్ అల్ ఖైమా ఊరికి ఉత్తరాన రమ్స్ అనే చోట ఒక అరబ్బుల ఇంట్లో చాలా ఏళ్లుగా డ్రైవరు. అతని బంధువొకాయన మా బజారులో దుకాణం నడుపుతాడు, అలా నా నంబరు దొరికింది. ఆ ఇంటి పెద్దాయనను అందరూ బూ సాలెం అంటారు, పనివాళ్లు బాబా అంటారు. ఆయన తండ్రి సముద్రంలో మునిగి ముత్యపు చిప్పలు తీసిన మనిషి. చివరిసారి తెచ్చిన ముత్యాల్లో ఒకటి అమ్ముడుపోక ఇంట్లోనే మిగిలింది. మనవరాలు మరియంకు డిసెంబరులో పెళ్లి. ముత్తాత ముత్యం మెడలో వేసుకుని పెళ్లికూతురు కావాలని ఆమె పట్టుబట్టింది. దుబాయ్ నగల దుకాణాలవాళ్లు చూసి, పాత ముత్యం, మిషన్ కింద పగిలితే మా పూచీ కాదన్నారు. చేత్తో చేసేవాడు కావాలి.

"తాతను ఒప్పించేదానికి ఏడాది పట్టింది అన్నా ఆ పిల్లకు. నువ్వు సల్లంగా వచ్చి, బొక్క పెట్టి, సల్లంగా పో. మిగతాదంతా నేను చూసుకుంటా" అన్నాడు ఖాదర్ ఫోన్లో. వీసా, టికెట్టు మరియమే పంపింది.

శంషాబాద్‌లో విమానం పొద్దున పది ఇరవైకి. ఇలాంటి పనిముట్లతో ప్రయాణం చేసేవాళ్లకు ఒక మాట: సూదులు, బర్మా చేతిసంచిలో పెట్టుకోవద్దు, లోపలికి పంపే పెట్టెలో వేయండి. నా బర్మా అంటే పెద్దదేమీ కాదు. సన్నటి ఉక్కు సూది బిగించిన పుల్ల, దాన్ని తిప్పడానికి దారం కట్టిన చిన్న విల్లు, ముత్యాన్ని బిగించే చెక్కదిమ్మ. ఇవన్నీ ఒక బిస్కెట్ల డబ్బాలో పడతాయి.

అక్కడి టైము ప్రకారం పన్నెండు నలభైకి దిగాను. ఆ రోజు ఖాదర్ పెళ్లి పనుల మీద అబుదాబి వెళ్లాడు, సాయంత్రానికి గానీ తిరిగి రాడు కాబట్టి రాస్ అల్ ఖైమా దాకా నా అంతట నేనే వెళ్లాలి. విమానాశ్రయం నుంచి మెట్రోలో యూనియన్ స్టేషను. తెలియక ఎక్కువ టికెట్టువాళ్ల డబ్బాలో ఎక్కి, మెత్తటి సీటులో దర్జాగా కూర్చున్నాను. పక్కనున్న మలయాళీ ఒకాయన నవ్వు ఆపుకుంటూ, "చాచా, జరిమానా వేస్తారు, వెనక్కి పదండి" అన్నాడు. సిగ్గుపడి వెనక్కి పోయి నిలబడ్డాను.

యూనియన్ దగ్గర రాస్ అల్ ఖైమా బస్సు దొరికింది. షార్జా దాటడానికే ముప్పావు గంట పట్టింది. అల్ నహ్దా మేడల బాల్కనీల్లో ఆరేసిన లుంగీలు, చీరలు చూస్తే మన వీధిలోనే ఉన్నట్టుంది. డిసెంబర్ రెండున వాళ్ల జాతీయ దినం కాబట్టి దారి పొడవునా స్తంభాలకు జెండాలు కట్టారు. ఉమ్ అల్ కువైన్ దాటాక మేడలు పలచబడి ఇసుక వచ్చింది. తర్వాత కుడివైపు కొండలు మొదలయ్యాయి. చెట్టు మొలవని బూడిదరంగు కొండలు. ఎడమవైపు అప్పుడప్పుడు సముద్రం కనిపించేది. ఇదేనా అనుకున్నాను. మా తాత, మా నాన్న, నేను, ముగ్గురం అన్నం తిన్నది ఈ నీళ్ల వల్లే.

అయిదింటికి బస్టాండులో ఖాదర్ ఎదురొచ్చాడు. కడక్ చాయ్ తాగించాడు. బాగుందని చెప్పాలి గాబట్టి చెప్పాను, మా ఇరానీ చాయ్ ముందు అది నిలవదు. ఇరవై నిమిషాల్లో రమ్స్ చేరాం.

బూ సాలెంకు ఎనభై దాటాయి. పొడవైన మనిషి, చేతికర్ర ఉంది గానీ దాని మీద ఆనడు. ఆయన తరంవాళ్లకు బొంబాయితో రాకపోకల వల్ల హిందీ బాగా వచ్చు, మా ఇద్దరి మాటలూ హిందీలోనే సాగాయి. ఖహ్వా అనే వాళ్ల కాఫీ పోయించాడు, ఖర్జూరాలు ముందుకు జరిపాడు, "రా ఉస్తాద్" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మరియం ఎదురుగా కూర్చుంది. తాత జేబు వంకే చూస్తోంది.

పెద్దాయన జేబులోంచి ఎర్ర గుడ్డ మూట తీసి విప్పాడు. శనగ గింజంత ముత్యం. ఒకవైపు కొంచెం అణిగి ఉంది. పాలమీగడ రంగు, లోపల ఎక్కడో గులాబీ ఛాయ. నా చేతుల్లోంచి వేల ముత్యాలు వెళ్లాయి గానీ అలాంటివి చాలా తక్కువ. ఆయన దాన్ని నా అరచేతిలో పెట్టాడు.

ఇక్కడ జరిగింది చెబితే మా పని తెలిసినవాళ్లు అర్థం చేసుకుంటారు. చేతిలో ముత్యం పడగానే పంటికి రుద్ది చూడటం మాకు ఊపిరి పీల్చినంత అలవాటు. అసలుదైతే గరుకుగా తగులుతుంది, గాజుదైతే జారుతుంది. నేను చూస్తూ చూస్తూనే, మాట్లాడుతూనే, ముత్యాన్ని ముందు పళ్లకు ఆనించి రెండుసార్లు రుద్దాను.

తలెత్తి చూసేసరికి పెద్దాయన ముఖం మారిపోయింది. చెయ్యి చాపాడు. ముత్యం ఇచ్చేశాను. దాన్ని గుడ్డతో తుడిచాడు, తుడిచిన తీరులోనే నాకు అర్థమైంది. మూట కట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఖలాస్" అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

మరియం కళ్లనిండా నీళ్లు. "ఆ మూట మళ్లీ విప్పరు. నాకు తెలుసు. ఒకసారి కట్టేస్తే విప్పరు" అంది, తాత దగ్గర నేర్చిన హిందీలోనే. పెళ్లి వచ్చే వారమే. నేను క్షమాపణ ఎవరికి చెప్పాలో తెలియక గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను.

ఖాదర్ గది ఇంటి వెనకాల. అక్కడే నా పక్క. గదిలోకి రాగానే మొదలుపెట్టాడు.

"ఏం పని జేసినావన్నా! వాళ్ల నాయన ముత్యాన్ని కొరికి చూస్తావా?"

"కొరకలే భయ్. రుద్దిన. మా పనే అది. పురుగు ఉన్నదా లేదా అని బియ్యం జూసినట్టు."

"నీకు బియ్యం, ఆయప్పకు నాయన. పిల్చుకొచ్చింది నేను. రేపు నన్నడుగుతారు, యాడ దొరికినాడు నీకు వీడు అని."

కోపం వచ్చింది నాకు. ఇంత దూరం పిలిపించి, పని చెయ్యనివ్వకుండా, ఒక అలవాటుకు ఇంత చేస్తారా అనుకున్నాను. పొద్దున్నే బస్సు ఎక్కిపోతానని ఖాదర్‌తో చెప్పేశాను కూడా. అన్నం పళ్లెంలో చేపల మచ్బూస్ పెట్టాడు. మన బిర్యానీకి దూరపు చుట్టం. సగం తిని పడుకున్నాను.

మర్నాడు ఏడింటికి నేను డబ్బా సర్దుకుంటుంటే బయట కారు హారన్ మోగింది. పెద్దాయన ముందు సీటులో కూర్చుని ఉన్నాడు. కిటికీ దించి, "యల్లా, ఉస్తాద్. పోయేముందు ఒకటి చూడు" అన్నాడు. ఖాదర్ నా వంక చూడకుండా స్టీరింగు పట్టుకున్నాడు.

పది నిమిషాల దూరంలో ధాయా కోట. కోట అంటే గోల్కొండను ఊహించుకుని వచ్చేవాళ్లు నిరాశపడతారు. ఒంటరి గుట్ట మీద మట్టి రంగు బురుజులు రెండు, మధ్యలో గోడ. టికెట్టు లేదు. ఎక్కడానికి మెట్లు వేశారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పొద్దున్నే ఎక్కడం మంచిది. పెద్దాయన కిందే రాతి అరుగు మీద కూర్చున్నాడు. "మీరిద్దరూ ఎక్కండి. సముద్రం వైపు చూసి రండి."

పైనుంచి చూస్తే ఒకవైపు కొండలు, కాళ్ల కింద ఖర్జూరపు తోటలు, అవతల సముద్రం. గాలి గట్టిగా వీస్తోంది. దిగి వచ్చాక ఆయన అడిగాడు.

"ఏం కనపడింది?"

"సముద్రం, బాబా."

"రెండు వందల ఏళ్ల కిందట పైనున్నవాళ్లకు ఇంగ్లీషు ఓడలు కనపడ్డాయి. మా రమ్స్ జనమంతా ఈ గుట్ట ఎక్కి దాక్కున్నారు. మమ్మల్ని సముద్రపు దొంగలన్నారు. మా ఓడలు కూడా హిందుస్తాన్‌కు సరుకు మోసేవి, ఆ దారి వాళ్లకొక్కళ్లకే కావాలి. ఓడల మీది పెద్ద ఫిరంగులు దింపి ఇక్కడిదాకా లాక్కొచ్చారు. లాగినవాళ్లందరూ తెల్లవాళ్లు కాదు. బొంబాయి సిపాయిలు కూడా ఉన్నారు."

సిపాయి అనగానే మనకు తిరగబడ్డ సిపాయే గుర్తొస్తాడు, వాడికి విగ్రహాలు కూడా పెట్టుకున్నాం. వేరేవాళ్ల గుట్ట కింద ఫిరంగి లాగిన సిపాయిని గురించి మన బళ్లో ఎవరూ చెప్పలేదు. నాకు తల వంచుకోవాలనిపించింది, వంచుకున్నాను.

"తర్వాత సంతకాలు పెట్టించుకున్నారు. వాళ్లతో తప్ప ఇంకెవరితోనూ ఒప్పందం వద్దు. ఇంగ్లీషువాడి కాగితాల్లో మాది దేశం కాదు, తీరం. బదులుగా కాపలా కాస్తామన్నారు. సరే, మాకు ముత్యాలున్నాయి కదా అనుకున్నారు మావాళ్లు. ఇంతలో జపాన్‌వాడు ముత్యాన్ని పెంచడం నేర్చాడు. ధర పడిపోయింది. ఆ మీద పెద్ద యుద్ధం. అప్పుడు నేను పసివాణ్ణి. ఓడలు రాలేదు, బియ్యం రాలేదు. కొలిచి కొలిచి ఇచ్చేవారు. ఆకలి గుర్తుంది నాకు. మా నాన్న అనేవాడు, ఇంకెవరి దగ్గరికీ పోవద్దన్నవాడు అన్నం పెట్టలేకపోతే వాడి కాపలా మనకెందుకు అని. ఉస్తాద్, మా ఇంట్లో స్వాతంత్ర్యం మాట మొదట విన్నది ఖాళీ కుండ దగ్గర."

చేతికర్రతో నేల మీద గీత గీశాడు.

"యుద్ధం అయిపోయింది. మీ దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. మా నాన్న సంతోషపడ్డాడు. ఇక ఇంగ్లీషువాడు లేడు, బొంబాయితో మన బేరం మనమే చేసుకోవచ్చు అన్నాడు. మీ కొత్త ప్రభుత్వం ముత్యాల మీద పన్ను వేసింది. బేరగాళ్లు రావడం మానేశారు. ఒక్కడొచ్చాడు. నేను నాన్న పక్కనే ఉన్నాను. ఆ బేరగాడు ఈ ముత్యమే తీసి పళ్లకు రుద్దాడు. మళ్లీ రుద్దాడు. జపాన్‌దేమో, ఎవరికి తెలుసు అని గుడ్డ మీదకు తోసేశాడు. ఊపిరి బిగబట్టి సముద్రం అడుగునుంచి తెచ్చినవాడితో అన్నాడు ఆ మాట. మా నాన్న మళ్లీ ఓడ ఎక్కలేదు."

నిన్న రాత్రి నేను చూపించిన కోపమంతా గుర్తొచ్చి సిగ్గేసింది. ఖాదర్ కూడా ఈ కథ ఎప్పుడూ విన్నట్టు లేదు, కారుకు ఆనుకుని కదలకుండా నిలబడ్డాడు.

"మరి మీరేం చేశారు బాబా?" అని అడిగాను.

"కువైట్ వెళ్లాను. మీసాలు కూడా రాలేదు. అక్కడ చమురు పడింది కదా, మా తీరం పిల్లలందరం పోయాం. సిమెంటు మోశాను. గదిలో పక్కకు పక్క. సాయంత్రం ఒక రేడియో చుట్టూ కూర్చునేవాళ్లం. ఈజిప్టువాళ్లు సూయజ్ కాలువ మాదే అన్నరోజు గదంతా ఒకటే కేకలు. సిమెంటు చేతులతోనే చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఎవరికీ తీరం అనే మాట నచ్చలేదు, దేశం కావాలన్నారు. చివరికి ఇంగ్లీషువాడు సైన్యాన్ని పోషించే డబ్బు లేదని వెళ్లిపోయాడు. మేం తరిమామని చెప్పుకుంటే బాగుంటుంది. కానీ వాడి యుద్ధాలే వాణ్ణి తరిమాయి."

ఖాదర్ కళ్లు పెద్దవి చేసి చూస్తున్నాడు. తన యజమాని సిమెంటు మోశాడన్న సంగతి అతనికి జీర్ణం కావడం లేదు.

నేను చెప్పవలసింది చెప్పాను. "బాబా, మా తాత ముత్యాన్ని పంటికి ఆనించేవాడు కాదట. ఈ సముద్రంనుంచి వచ్చిందంటే చాలు, కళ్లకద్దుకుని పీట మీద పెట్టుకునేవాడట. రుద్దడం మా ఇంట్లో మా నాన్నతో మొదలైంది. బజారులోకి జపాన్ ముత్యం వచ్చాక. అదీ పంటికి గరుకే, అయినా అనుమానం ఆగనివ్వలేదు. నేను ఆయన్ని చూసి నేర్చుకున్నాను. మీ నాన్నను బాధపెట్టిన అనుమానం మా పళ్లకూ అప్పుడే అంటుకుంది. తప్పు తప్పే. క్షమించండి."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీ తాత చేతిలో మా నాన్న ముత్యాలు పడి ఉంటాయా?"

"పడే ఉంటాయి బాబా. ఇక్కడినుంచి వచ్చినవి మా వీధికి రాకుండా ఎక్కడికి పోతాయి?"

"మా నాన్న తన జీవితంలో చిల్లు వేసిన ముత్యాన్ని చూడలేదు. ఇక్కడ అందరూ అంతే. చిప్పలోంచి తీయడం మావంతు, ఎర్రగుడ్డలో కట్టి పంపడం మావంతు. హారం అయ్యేది మీ ఊళ్లో, వేసుకునేది ఎవరో రాణులు. మా అమ్మ మెడలో ఒక్క ముత్యం లేదు." లేచి కర్ర అందుకున్నాడు. "పద. కానీ ఒకటి. చిల్లు వేసేటప్పుడు నా చెయ్యి కూడా ఉండాలి."

పత్తి మనది, బట్ట మాంచెస్టరుది అని మన పెద్దలు విదేశీ బట్టలు తగలబెట్టిన కథలు విని పెరిగినవాణ్ణి నేను. మా పాతబస్తీ కూడా ఇంకొకళ్లకు అలాంటి మాంచెస్టరేనని ఏనాడూ తట్టలేదు.

పదకొండు గంటలకు వాళ్ల ఇంటి వసారాలో చాప మీద కూర్చున్నాం. నిజం చెప్పాలంటే ఆయన షరతు నాకు భయం పుట్టించింది. మా పనిలో ముత్యం తెచ్చినవాళ్లను విల్లు ముట్టనివ్వం. ఒక్క లాగు ఎక్కువైతే ముత్యం రెండు పెచ్చులవుతుంది. ఈ ముత్యానికి జోడీ లేదు, రెండోసారి లేదు. ఆ మాటే మరియంతో చెప్పాను. ఆమె పెదవి కొరుక్కుని, "తాత చెయ్యి పడకపోతే అది నాకూ వద్దు" అంది.

దిమ్మలో గుంట తవ్వి ముత్యాన్ని బిగించాను. పక్కన గిన్నెలో నీళ్లు. సూది కొన నిలిపి, ఎడమచేత్తో పట్టుకుని, విల్లు ఆయన చేతికిచ్చాను. ఆయన చేతి మీద నా కుడిచెయ్యి వేశాను. ముడతలు పడ్డ చెయ్యి, అయినా బరువుంది.

"మెల్లగా బాబా. తోయకండి. అదే లోపలికి పోతుంది."

ఆయన లాగాడు. సూది గిర్రున తిరిగింది. మళ్లీ లాగాడు. తెల్లటి పొడి సన్నగా రాలింది. ఆయన ఆగినప్పుడల్లా నేను చిటికెన వేలితో నీటి చుక్కలు వేస్తున్నాను. కాసేపటికి గమనించాను, విల్లు లాగుతున్నంతసేపూ ఆయన ఊపిరి తీసుకోవడం లేదు. ఆపినప్పుడే పెద్దగా వదులుతున్నాడు. ఎవరూ నేర్పకుండానే వాళ్ల నాన్న పని చేస్తున్నాడు. నాకు కళ్లు మసకబారి ఒకసారి ఆపమని చెప్పి తుడుచుకోవలసి వచ్చింది.

సగం దాకా వచ్చాక ముత్యాన్ని తిప్పి బిగించాను. మేం ఎప్పుడూ రెండువైపులనుంచీ వేసి మధ్యలో కలుపుతాం. రెండోవైపు నన్ను చెయ్యమన్నాడు. "ఒకవైపు మాది, ఒకవైపు మీది. లెక్క సరిపోతుంది" అన్నాడు. నవ్వలేదు. నేను విల్లు అందుకున్నాను. మధ్యాహ్నపు జొహర్ నమాజు పిలుపు వినిపించే వేళకు సూది ఒక్కసారిగా తేలికైంది. రెండు దారులూ కలిశాయి. ముత్యం నిలిచింది.

నీళ్లలో కడిగి ఆయనకే ఇచ్చాను. వెలుతురుకు ఎత్తి రంధ్రంలోంచి చూశాడు. అవతల ఏం కనపడిందో చెప్పలేదు. మరియం ఎర్ర పట్టుదారం ఎక్కించి, మెడకు కట్టమని వీపు తిప్పి ఆయన ముందు కూర్చుంది. ముడి రెండుసార్లు జారింది, నేను సాయం పోలేదు. ఆయనే వేశాడు. తర్వాత దిమ్మ మీద రాలిన తెల్లపొడినంతా వేలితో కూడదీసి పాత ఎర్రగుడ్డలో వేసుకుని మూట కట్టి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎనిమిదింటి బస్సుకు ఖాదర్ దింపాడు. ఎక్కేముందు, "అన్నా, ఇన్నేండ్లు కారు తోలినా. ఆయప్ప కువైట్ సంగతి నాకెప్పుడూ సెప్పలా" అన్నాడు. అతని గొంతులో నిష్ఠూరమో గౌరవమో నాకు తెలియలేదు. పదిన్నరకు దుబాయ్. టైము ఉండటంతో కరామాలో మనవాళ్ల హోటలుకు పోయి పప్పు, గోంగూర పచ్చడితో అన్నం తిన్నాను. మూడింటికి విమానం.

పక్క సీటులో గంగాధర్, నిర్మల్ వైపువాడు. దుబాయ్ సోనాపూర్ కూలీల క్యాంపులో ఉంటాడు, కట్టడాల పని. మూడేళ్లకు ఇంటికి పోతున్నాడు. ఎందుకొచ్చావంటే చెప్పాను. పెద్దాయన కువైట్ కథ దగ్గర నన్ను ఆపాడు.

"ఆగు కాకా. అరబ్బోళ్లు గూడ కూలికి పోయిండ్రా? సిమెంటు మోసిండ్రా? నేనైతే పుట్టుకతోనే షేకులనుకున్న."

"పోయిండ్రు బిడ్డా. నీ లెక్కనే. రూములల్ల పక్కకు పక్క పండుకున్నరట."

నేను కిటికీలోంచి చూశాను. కింద సముద్రం ఉంది. ఆ నీళ్ల మీద ఎవరెవరో దారులు గీసుకున్నారు, సుంకాలు వేశారు, యుద్ధాలు తెచ్చారు. ఒక ఒడ్డున ఆకలి, ఇంకో ఒడ్డున అనుమానం మిగిలాయి. వాళ్లకూ మనకూ జెండాలు వచ్చాయి. అయినా అటు కొందరు, ఇటు కొందరు సిమెంటు మోయడానికి వంతులవారీగా పోతూనే ఉన్నారు. నా ప్రయాణం మొత్తంలో నాకు మిగిలిన తలపోత ఇంతే.

దిగడానికి ఇంకా గంట ఉందనగా గంగాధర్ చేతిసంచిలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీశాడు. దూది మధ్య ముత్యాల దండ.

"మా ఇంటామెకు తీస్కపోతున్న. నువ్వు గా పనోనివే గద. అసలుదేనా, జర జూడు కాకా."

దండ అరచేతిలోకి తీసుకున్నాను. నా చెయ్యి దానంతట అదే నోటి దాకా లేచింది. అక్కడ ఆగింది. గంగాధర్ నా వైపే చూస్తున్నాడు, ఊపిరి బిగబట్టి.

దండను దూది మీద జాగ్రత్తగా సర్ది, మూతపెట్టి, రెండు చేతులతో తిరిగి ఇచ్చాను.

"మూడేండ్ల కష్టం ఉన్నది దీంట్ల. పరీక్ష అవుసరం లే బిడ్డా. నీ చేత్తోనే మెడల ఎయ్యి."